ఒక కీకి ఇద్దరు హక్కుదారులు: లిస్టును మ్యాప్‌గా మార్చే పద్ధతులపై సమీక్ష

ఒక దుకాణం సాఫ్ట్‌వేర్‌లో 10,000 ఆర్డర్ల లిస్టు, 5,000 మంది ఖాతాదారుల లిస్టు ఉన్నాయనుకుందాం. ప్రతి ఆర్డరు పక్కన ఖాతాదారు పేరు చేర్చాలి. ఒక్కో ఆర్డరుకూ ఖాతాదారుల లిస్టును మొదటి నుంచి వెతుక్కుంటూ పోతే 5 కోట్ల పోలికల దాకా పడవచ్చు. అదే ఖాతాదారులను ముందుగా ఐడీ కీగా మ్యాప్‌లోకి ఎక్కించుకుంటే 5,000 చేర్పులు, 10,000 వెతుకులాటలతో పని తెమిలిపోతుంది. ఆబ్జెక్టుల లిస్టును కీ-విలువల మ్యాప్‌గా మార్చే పని ప్రోగ్రామర్లకు రోజూ తగలడానికి కారణం ఇదే. ఈ రోజు చాలా భాషల్లో దీన్ని ఒకటి రెండు లైన్లలో రాయవచ్చు.

లైను చిన్నదైంది గానీ దాని వెనకున్న ప్రశ్న చిన్నది కాలేదు. లిస్టులో ఒకే ఐడీతో ఇద్దరుండవచ్చు, మ్యాప్‌లో ఉండకూడదు. కాబట్టి లిస్టును మ్యాప్‌గా మార్చడమంటే ఆకారం మార్చడం మాత్రమే కాదు, ‘ఈ కీ ఒక్కరికే చెందుతుంది’ అని డేటా తరఫున హామీ ఇవ్వడం కూడా. ఆ హామీ అబద్ధమని తేలిన క్షణాన రెండో ఆబ్జెక్టు ఏమవ్వాలి? ఇక్కడ భాషలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ఒకే భాషలోని రెండు లైబ్రరీలు కూడా కొన్నిసార్లు ఏకీభవించవు.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల లిస్టును ఊరి పేరు కీగా మ్యాప్ చేశామనుకోండి. రామాపురం, కొత్తపల్లి లాంటి పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ పలు జిల్లాల్లో కనిపిస్తాయి. మ్యాప్ తయారయ్యాక ఎన్ని రామాపురాలు మిగిలాయి, ఏది మిగిలింది, మిగతా వాటి సంగతి ఎవరికైనా తెలిసిందా అన్నది మనం వాడిన భాష మీద ఆధారపడి ఉంటుంది. ఈ సమీక్ష అంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే.

లూపు కనబడిన రోజులు, దాక్కున్న రోజులు

1953లో ఐబీఎంలో పనిచేస్తున్న హాన్స్ పీటర్ లూన్ ఒక అంతర్గత పత్రంలో హ్యాషింగ్ ఆలోచనను రాశారు. 1960 నాటి జాన్ మెకార్తీ లిస్ప్ పత్రంలో మరో దారి కనిపిస్తుంది. అది అసోసియేషన్ లిస్టు: కీ-విలువ జంటలను వరుసగా పేర్చి, వెతికేటప్పుడు మొదట తగిలిన జంటనే తీసుకోవడం. కొత్త జంట ముందు వచ్చి చేరుతుంది కాబట్టి వెతికితే కొత్తదే దొరుకుతుంది. పాతది దాని వెనక దాగుతుంది గానీ చెరిగిపోదు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. లిస్ప్ పద్ధతిలో కీ రెండుసార్లు వస్తే సమాచారం మరుగున పడేది, హ్యాష్ టేబుల్ చేతికొచ్చాక నిజంగానే పోవడం మొదలైంది.

1977లో ఆక్, 1987లో పెర్ల్ ఈ మ్యాప్‌లను రోజువారీ పనిముట్లుగా చేశాయి. ఆ రోజుల్లో మార్పిడి అంటే లూపు రాయడమే. ‘ఈ కీ దగ్గర ఈ విలువ పెట్టు’ అన్న లైను కళ్ల ముందుండేది. ముందే ఆ కీ ఉందా అని చూడాలనిపిస్తే పక్కనే ఒక షరతు రాసుకునేవారు. తర్వాత లూపు దాక్కుంది. పైథాన్‌లో డిక్షనరీ కాంప్రిహెన్షన్ ప్రతిపాదన 2001లోనే వచ్చినా అప్పట్లో వెనక్కి వెళ్లింది. అది 2008లో 3.0 వెర్షన్‌లో, 2010లో 2.7లో అమల్లోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ లింక్ లైబ్రరీ 2007లో టుడిక్షనరీని తెచ్చింది. జావా 8 వెర్షన్ 2014లో కలెక్టర్స్ టుమ్యాప్‌ను ఇచ్చింది. లూపుతో పాటే కీ తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న నిర్ణయం కూడా ఫంక్షన్ లోపలికి వెళ్లిపోయింది. అప్పటి దాకా ప్రోగ్రామరు తీసుకున్న నిర్ణయాన్ని లైబ్రరీ రాసినవాళ్లు తీసుకోవాల్సి వచ్చింది, వాళ్లు వేర్వేరు జవాబులు ఎంచుకున్నారు.

చివరిదే నిలుస్తుంది

సంఖ్యలో ఇదే పెద్ద పక్షం. పైథాన్ కాంప్రిహెన్షన్, జావాస్క్రిప్ట్ మ్యాప్ కన్‌స్ట్రక్టరు, 2019లో వచ్చిన ఆబ్జెక్ట్ ఫ్రమ్‌ఎంట్రీస్, లోడాష్ కీబై, కోట్లిన్ అసోసియేట్‌బై, రూబీ టుహెచ్, రస్ట్ కలెక్ట్, హాస్కెల్ ఫ్రమ్‌లిస్ట్, 2024లో గో భాష 1.23 వెర్షన్‌తో వచ్చిన మ్యాప్స్ కలెక్ట్: వీటన్నిటిలోనూ రెండో రామాపురం వస్తే మొదటిది మాట లేకుండా తప్పుకుంటుంది.

ఈ పక్షం వాదనలో బలం లేకపోలేదు. మ్యాప్‌లో ఒక కీకి విలువ పెట్టడమంటే పాతదాన్ని మార్చడమే అని అందరికీ తెలుసు. లిస్టు నుంచి కట్టినా చేత్తో కట్టినా ఫలితం ఒకటే ఉండాలి కదా అని వీరంటారు. కాలక్రమంలో వచ్చే డేటాకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక బస్సు ఎక్కడుందో పది నిమిషాలుగా వస్తున్న కబుర్లను బస్సు నంబరు కీగా మ్యాప్ చేస్తే మనకు కావలసింది చివరి కబురే. డిఫాల్టు సెట్టింగుల మీద వాడుకరి సొంత సెట్టింగులను పరచడం కూడా ఇలాంటిదే.

చిక్కంతా లిస్టు వరుసకు అర్థం లేనప్పుడు వస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై లేకుండా తెచ్చిన వరుసలు ఏ క్రమంలో వస్తాయన్నదానికి హామీ లేదు. ఈ రోజు చివరన వచ్చిన రామాపురం రేపు మధ్యలో రావచ్చు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకుండానే ఫలితం మారిపోతుంది. ఎర్రరు రాదు, లాగ్‌లో జాడ ఉండదు. మ్యాప్ పరిమాణం లిస్టు పరిమాణం కన్నా తగ్గిందేమో చూసుకుంటే ఈ నష్టం ఇట్టే బయటపడుతుంది. ఆ చిన్న పోలికను చేసే కోడ్ మాత్రం అరుదు.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. పైథాన్ డిక్షనరీలో, జావాస్క్రిప్ట్ మ్యాప్‌లో, జావా లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌లో చివరి విలువే నిలిచినా దాని స్థానం మాత్రం మొదటిసారి ఆ కీ చేరిన చోటే ఉంటుంది. అంటే బయటకు వచ్చేది ఒకరి స్థానంలో మరొకరి విలువ. ‘చివరిదే నిలుస్తుంది’ అన్న మాట సగమే నిజం.

రెండోది వస్తే ఆగిపోవాలి

సీ షార్ప్ టుడిక్షనరీ, జావా టుమ్యాప్, గువా లైబ్రరీ యూనిక్‌ఇండెక్స్ ఈ పక్షానివి. అదే కీ మళ్లీ వస్తే ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతాయి. స్విఫ్ట్ ఇంకా కఠినం. 2017లో వచ్చిన స్విఫ్ట్ 4లో ‘యూనిక్‌కీస్‌విత్‌వాల్యూస్’ అనే ఇనిషియలైజరు ఉంది. కీలు ఒక్కొక్కటే ఉంటాయన్న హామీ దాని పేరులోనే ఉంది. ఆ హామీ తప్పితే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలుతుంది.

వీరి వాదన సూటిగా ఉంటుంది. కీ ఒక్కటే ఉంటుందని నమ్మాం కాబట్టే మ్యాప్ అడిగాం, ఆ నమ్మకం తప్పని తేలిన చోటే తెలియాలి. మూడు మాడ్యూళ్ల అవతల ఒక రైతు వివరాలు వేరే ఊరి ఖాతాలో కనిపించాక మూలం వెతుక్కోవడం కన్నా ఇదే నయం.

ఎదురు వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. పరీక్షల్లో డేటా శుభ్రంగా ఉంటుంది, అసలు డేటా అలా ఉండదు. లక్ష వరుసల్లో ఒక్కటి రెండుసార్లు వచ్చిందని మిగతా 99,999 వరుసల పనిని ఆపేయడం ఆసుపత్రి రిజిస్ట్రేషన్ వరుసలోనో రేషన్ పంపిణీలోనో ఎంత న్యాయం?

ఈ పక్షాన్ని చాలాకాలం బలహీనపరిచినవి దాని ఎర్రరు సందేశాలు. జావా 8లో ‘డూప్లికేట్ కీ’ అంటూ వచ్చే సందేశం పక్కన కీ బదులు అప్పటికే మ్యాప్‌లో ఉన్న విలువను చూపేది. జావా 9లో దాన్ని సరిచేసి, కీతో పాటు ఢీకొన్న రెండు విలువలనూ చూపడం మొదలుపెట్టారు. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ‘ఈ కీ ఇప్పటికే ఉంది’ అన్న ముక్కే వచ్చేది, ఏ కీ అన్నది లేదు. డాట్‌నెట్ కోర్‌లో ఆ కీని చేర్చారు. ఆపడం సరైన నిర్ణయమే అయినా ఎందుకు ఆపామో చెప్పకపోతే ప్రోగ్రామరు ఆ కాపలాదారును తీసేసే దారే వెతుక్కుంటాడు. జావాలో అది తేలిక: ‘రెంటిలో రెండోది తీసుకో’ అనే చిన్న విలీన ఫంక్షన్‌ను మూడో ఆర్గ్యుమెంటుగా ఇస్తే చాలు, ఎక్సెప్షన్ మాయమవుతుంది. ఆలోచించి రాసిన విలీన ఫంక్షను, ఎర్రరును నోరు మూయించడానికి అతికించిన విలీన ఫంక్షను చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

అందరినీ ఉంచుదాం: గుంపులు, విలీనాలు

మూడో పక్షం ప్రశ్ననే మారుస్తుంది. ఒక పేరుతో పది ఊళ్లున్నప్పుడు ఒక్కదాన్ని ఎంచుకోవడం ఎందుకు? కీకి ఒక విలువ కాక విలువల లిస్టు ఉంచుకోవచ్చు. జావా గ్రూపింగ్‌బై, కోట్లిన్ గ్రూప్‌బై, సీ షార్ప్ టులుకప్, స్విఫ్ట్‌లోని గ్రూపింగ్ ఇనిషియలైజరు ఈ పనికే. జావాస్క్రిప్ట్‌కు ఇది ఆలస్యంగా వచ్చింది. అర్రేలకే గ్రూప్‌బై అన్న మెథడ్ ఇద్దామని మొదట అనుకున్నారు. షుగర్ అనే పాత లైబ్రరీ వాడే వెబ్‌సైట్లు దానివల్ల చెడిపోతాయని తేలడంతో పేరు మార్చారు, అదీ కుదరక చివరకు 2024 ప్రమాణంలో ఆబ్జెక్ట్ గ్రూప్‌బై, మ్యాప్ గ్రూప్‌బై అనే విడి ఫంక్షన్లుగా స్థిరపరిచారు.

గుంపులు కట్టడంలో ఏమీ పోదు. అది దీని ప్రధాన బలం. సీ షార్ప్ లుకప్‌లో లేని కీ అడిగినా ఎర్రరు కాక ఖాళీ వరుస వస్తుంది కాబట్టి వాడుక కూడా సుఖం. బలహీనత ఏమిటంటే నిర్ణయం వాయిదా పడుతుంది. ఐడీ నిజంగా ఒక్కరిదే అయిన చోట కూడా గుంపులు కడితే, వాడే ప్రతిచోటా లిస్టులోంచి మొదటిదాన్ని తీసుకునే కోడ్ పుడుతుంది. ఒక్కచోట తీసుకోవలసిన నిర్ణయాన్ని అప్పుడు ఇరవై చోట్ల తీసుకుంటారు, అన్నిచోట్లా ఒకేలా తీసుకుంటారన్న నమ్మకం లేదు.

పేరు చూసి మోసపోయే ఒక సాధనం గురించి ఇక్కడే చెప్పాలి. పైథాన్ ఇటర్‌టూల్స్‌లోని గ్రూప్‌బై పక్కపక్కన ఉన్నవాటినే గుంపు చేస్తుంది. లిస్టును ముందు ఆ కీ మీద వరుసపెట్టకుండా దీన్ని వాడి ఫలితాన్ని డిక్షనరీలో పెడితే అదే కీ ఉన్న పాత గుంపులు చెరిగిపోతాయి. అన్నిటినీ నిలుపుకుందామని వెళ్లిన ప్రోగ్రామరు తెలియకుండానే మొదటి పక్షంలో తేలతాడు.

విలీనం గుంపు కట్టడానికి దగ్గరి బంధువు. రెండు విలువలు ఢీకొంటే వాటినుంచి ఒక కొత్త విలువ తయారుచేస్తుంది: మొత్తాలు కూడడం, లెక్కపెట్టడం, తాజా తేదీ ఉన్నదాన్ని ఎంచుకోవడం. 2024 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 9 ఇందుకోసమే కౌంట్‌బై, అగ్రిగేట్‌బై చేర్చింది. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఆర్గ్యుమెంట్ల వరుస విషయంలో. జావా, స్విఫ్ట్ విలీన ఫంక్షన్‌కు పాత విలువను ముందిస్తాయి. హాస్కెల్ ఫ్రమ్‌లిస్ట్‌విత్ కొత్తదాన్ని ముందిస్తుంది, అందుకే దానితో లిస్టులు అతికిస్తే తలకిందులుగా వస్తాయి.

రెండు పక్షాలు ఒకే ఇంట్లో ఉంటే

ఇదంతా అభిరుచుల తగాదా కాదని 2017లో అపాచీ కౌచ్‌డీబీ చూపించింది. ఈ డేటాబేస్ ఎర్లాంగ్‌లో రాసినది, పత్రాలను సరిచూసే కోడ్ మాత్రం జావాస్క్రిప్ట్‌లో నడుస్తుంది. రెండూ ఒకే జేసన్ పత్రాన్ని చదువుతాయి. వాడుకరి పత్రంలో ‘రోల్స్’ అనే కీని రెండుసార్లు పెడితే, మొదటిసారి అడ్మిన్ పాత్రతోనూ రెండోసారి ఖాళీగానూ, జావాస్క్రిప్ట్ వైపు చివరిదే కనిపించేది. ‘ఇతను ఏ అధికారమూ అడగలేదు’ అని తనిఖీ దాటించేది. ఎర్లాంగ్ వైపు రెండూ నిలిచి ఉండేవి, అడిగితే మొదటిది ఇచ్చేది. దాంతో మామూలు వాడుకరికి అడ్మిన్ అధికారం దక్కేది. ఆ నవంబరులో లోపాన్ని ప్రకటించారు, 1.7.0, 2.1.1 వెర్షన్లలో దాన్ని మూసేశారు.

రెండు పార్సర్లలో ఏదీ జేసన్ ప్రమాణాన్ని ఉల్లంఘించలేదు. 2017 డిసెంబరులో వెలువడిన జేసన్ ప్రమాణపత్రం కూడా కీలు ఒక్కొక్కటే ఉండడం మంచిదని చెబుతుంది గానీ తప్పనిసరి చేయదు. అవి తిరిగి వస్తే సాఫ్ట్‌వేర్ల ప్రవర్తన ఊహించలేమని మాత్రం ఒప్పుకుంటుంది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ఐ-జేసన్ అనే కఠిన రూపం ఒకే కీ రెండుసార్లు రాకూడదని నియమం పెట్టింది, వాడుకలో ఎక్కువగా ఉన్నది మాత్రం సడలింపు ఉన్న రూపమే.

ఈ గొడవ ఒకే భాష లోపల కూడా ఉంది. క్లోజర్‌లో మ్యాప్‌ను నేరుగా రాస్తూ కీని రెండుసార్లు పెడితే ఎర్రరు, జంటల లిస్టును ఇంటూతో మ్యాప్‌లోకి దింపితే చివరిది నిలుస్తుంది. జావాలో హ్యాష్‌మ్యాప్ పుట్ పాతదాన్ని మారుస్తుంది, మ్యాప్ ఆఫ్ ఎక్సెప్షన్ విసురుతుంది. అందుకే కొన్ని లైబ్రరీలు విధానాన్ని పేరులోకి తెచ్చే దారి పట్టాయి. గువా 2021లో 31.0 వెర్షన్‌లో తన బిల్డ్ మెథడ్‌కు బిల్డ్‌ఆర్‌త్రో అనే స్పష్టమైన పేరును జోడించింది, తర్వాత చివరిదాన్ని నిలిపే మరో మెథడ్ కూడా ఇచ్చింది. రిడక్స్ టూల్‌కిట్ ఎంటిటీ అడాప్టరులో మూడు మాటలున్నాయి: యాడ్ ఉన్నదాన్ని ముట్టుకోదు, సెట్ మొత్తం మారుస్తుంది, అప్‌సర్ట్ కలుపుతుంది. ఈ సమీక్ష చూసిన అన్నిటిలోకీ నాకు ఎక్కువ నచ్చిన దారి ఇదే. కోడ్ చదివేవారికి డాక్యుమెంటేషన్ తెరవకుండానే రెండో రామాపురం గతి ఏమిటో తెలుస్తుంది.

వరుస, శూన్యం

పక్క ప్రశ్నలు రెండున్నాయి. లిస్టుకు వరుస ఉంది, మ్యాప్‌కు ఉండాలా? పైథాన్‌లో 2016 నాటి 3.6లో చేర్చిన వరుస నిలవడం అమలు తీరు వల్ల జరిగింది, 2018లో 3.7 నుంచి అది భాష ఇచ్చే హామీ అయింది. కోట్లిన్, రూబీ అదే బాటలో ఉన్నాయి. గో మాత్రం వరుస మీద ఎవరూ ఆధారపడకూడదని మ్యాప్‌ను తిరిగే క్రమాన్ని కావాలనే కలగాపులగం చేస్తుంది. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులో పూర్ణసంఖ్యల్లా కనిపించే కీలు ఎప్పుడు చేరినా పెరిగే క్రమంలో ముందుకు వచ్చేస్తాయి, ఐడీలు అంకెలైన చోట ఇది తరచూ ఆశ్చర్యపరుస్తుంది.

నల్ సంగతి ఇంకా విచిత్రం. జావా హ్యాష్‌మ్యాప్ నల్ విలువను ఒప్పుకుంటుంది, టుమ్యాప్ ఒప్పుకోదు, నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ ఇస్తుంది. ఫోన్ నంబరు ఇవ్వని ఒక్క ఖాతాదారు వల్ల మొత్తం మార్పిడి కూలుతుంది.

కీ అంటే అసలు ఏది?

పక్షాలన్నీ ‘రెండు కీలు ఒకటే అయితే’ అని మొదలుపెడతాయి. ఒకటేనని ఎవరు తేల్చాలి అన్నది వాటికన్నా లోతైన ప్రశ్న. పైథాన్‌లో 1, 1.0, ట్రూ మూడూ ఒకే కీ. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులో అంకె 1, అక్షరరూపపు 1 ఒకటే, అదే భాషలోని మ్యాప్‌లో వేర్వేరు. పీహెచ్‌పీ అర్రే అక్షరరూపపు 8ని అంకెగా మార్చేసుకుంటుంది.

తెలుగు పేర్లను కీలుగా వాడేవారికి ఇది రోజువారీ సమస్య. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తుకు ఐత్వపు తోకను జోడించి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం, తెరమీద తేడా కనబడదు. స్విఫ్ట్ వాటిని ఒకే కీగా చూస్తుంది, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ రెండుగా చూస్తాయి. నార్మలైజ్ చేస్తే ఈ తేడా పోతుంది. జీరో విడ్త్ నాన్‌జాయినరు మాత్రం పోదు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో ఒత్తు పడకుండా ఆపే ఆ కనపడని సంకేతం ‘హైదరాబాద్’ చివర మిగిలిపోతే చూపుకు ఏ జాడా ఉండదు, మ్యాప్‌లో మాత్రం రెండు హైదరాబాద్‌లు వెలుస్తాయి. రెండోదాన్ని చూసి ఆగిపోయే కఠిన పక్షం కూడా దీన్ని పట్టలేదు, ఎందుకంటే దాని లెక్కలో ఇక్కడ రెండోదే లేదు.

పేరు చాలదని తెలిసినవారు జిల్లా, మండలం, గ్రామం కలిపి కూడిక కీ కడతారు. అదీ కాలానికి లోబడినదే. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మార్పుకు ముందటి లిస్టునూ తర్వాతి లిస్టునూ ఒకే మ్యాప్‌లోకి మారిస్తే ఒకే ఊరు రెండు కీలతో నిలబడుతుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ గ్రామాలకు ఇచ్చే కోడ్‌లు ఈ అవసరానికి పుట్టినవే. డేటాలో అలాంటి కోడ్ ఉంటే అదే కీ కావాలి. అది లేని పాత రికార్డుల దగ్గర మాత్రం పేరు, జిల్లా, సంవత్సరం కలుపుకుని నడవక తప్పదు.

ఇంకా తేలనివి

ఏ పక్షం గెలవాలో ఒక్క మాటలో చెప్పలేం. నా మొగ్గు ఇది: ప్రోగ్రాములోకి డేటా అడుగుపెట్టే చోట ఆపే పద్ధతి ఉండాలి, లిస్టు వరుసకు కాలక్రమమనే అర్థం ఉన్న చోట చివరిదాన్ని నిలపవచ్చు, కీ అందరిదీ అయిన చోట గుంపు కట్టాలి. వాడుకలో ఉన్న లైబ్రరీల్లో చాలావాటికి చివరిదే డిఫాల్టు కాబట్టి ఈ మొగ్గు ఇంకా అల్పసంఖ్యాక అభిప్రాయమే.

ఆపే పద్ధతికి మొదటి ఢీ దగ్గరే ఆగాలా, లిస్టంతా చూసి ఢీకొన్న కీలన్నిటినీ ఒకేసారి చెప్పాలా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న. మొదటిదాని దగ్గర ఆగితే నలభై తప్పులున్న ఫైలును నలభైసార్లు ఎక్కించాలి. అన్నీ చెప్పాలంటే ముందుగా గుంపులు కట్టి, ఒకరికన్నా ఎక్కువున్న గుంపులను బయటపెట్టాలి. అంటే కఠిన పక్షం సరిగ్గా పనిచేయాలంటే మూడో పక్షం సాధనాలే అరువు తెచ్చుకోవాలి. టుమ్యాప్, టుడిక్షనరీ రెండూ ఇప్పటికీ మొదటి ఢీ దగ్గరే ఆగుతాయి.

మరొకటి డేటాబేస్‌ల నుంచి నేర్చుకోదగ్గది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2016లో 9.5 వెర్షన్‌తో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ తెచ్చింది. పట్టికలో ముందే ఉన్న కీతో కొత్త వరుస ఢీకొంటే వదిలేయమనో మార్చమనో చెప్పవచ్చు. అయితే మార్చమని చెప్పాక, ఒకే ఆదేశంలో పంపిన వరుసల్లోనే ఆ కీ రెండుసార్లుంటే అది ఎర్రరు ఇస్తుంది, ఒకే వరుసను రెండోసారి ముట్టుకోనంటుంది. లిస్టు లోపలి ఢీ, పాత నిల్వతో జరిగే ఢీ రెండు వేర్వేరు సంఘటనలని ఆ డేటాబేస్ గుర్తించింది. రెండోది సాధారణ మార్పు కావచ్చు, మొదటిది చాలావరకు డేటా పొరపాటు. పైథాన్ డిక్షనరీ అప్‌డేట్, ఉన్న మ్యాప్‌లోకి లిస్టును చేర్చే కోట్లిన్ అసోసియేట్‌బైటు ఈ రెంటినీ ఒకేలా చూస్తాయి: లిస్టులోనే రెండు రామాపురాలున్నా, నిన్నటి మ్యాప్‌లో ఒకటి, ఇవాళ్టి లిస్టులో ఒకటి ఉన్నా చివరిదే మిగులుతుంది.